గేటు బయట నిలబడిన ఇంటిపేరు

ఇందులో ఎవరి పేరూ రాయను. పోయినవాళ్ల పేరు రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. ఉన్నవాళ్ల పేర్లు రాస్తే వాళ్లు ఏమనుకుంటారోనని బెరుకు. కానీ ఒక ఇంటిపేరు మాత్రం రాయక తప్పదు. అది కాట్స్. ఇంగ్లీషులో కె, ఏ, టి, జెడ్. దాని అర్థం తెలియక ఒక మంచి మనిషిని దాదాపు రెండు నెలలు అసహ్యించుకున్నాను.

ఆ ఇంటిపేరు నా సహోద్యోగిది. మెల్‌బోర్న్ శివార్లలోని ఒక సిటీ కౌన్సిల్‌లో నేను వాననీటి కాలువలకు డిజైన్లు వేస్తాను. ఆయన సర్వేయరు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను గీసిన గీత నేలమీద ఎక్కడ పడాలో కొలిచి మేకులు కొట్టేది ఆయనే. పదహారేళ్లుగా ఇద్దరం ఒకే యూట్‌లో, అంటే వెనక తొట్టి ఉన్న బండిలో, సైట్లకు తిరిగాం. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆయన హెల్మెట్ మీద నల్ల పిల్లి బొమ్మ అంటించి ఉంది. "కాట్స్ అంటే జర్మన్ భాషలో పిల్లి" అని పక్క సీటతను చెప్పాడు. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నవ్వి ఊరుకున్నాడు. అందరం అదే నిజమనుకున్నాం.

నాలుగేళ్ల కిందట అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి, క్లైడ్ నార్త్‌కి వచ్చేశారు. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఇక్కడ పొద్దుపోక పెరట్లో గోంగూర వేస్తానని పట్టుబట్టారు. చలికి మొలక బతకలేదు. సంగతి విని నా సహోద్యోగి ఒక శనివారం ప్లాస్టిక్ గొట్టాలూ, పాలిథీన్ పట్టా, గుర్రపు పేడ బస్తా యూట్‌లో వేసుకుని వచ్చాడు. ఇద్దరూ కలిసి పెరట్లో చిన్న గుడారం లేపారు. అప్పటినుంచి ప్రతి శనివారం వచ్చేవాడు. నాన్న ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకు తెలుగు ముక్క రాదు. అయినా మూడేసి గంటలు మాట్లాడుకునేవారు.

మొదటి శనివారమే నాన్న ఆయన్ని అడిగారు. "యువర్ సర్‌నేమ్, వాట్ మీనింగ్?"

ఆయన నోరు తెరిచేలోపు నేను తెలుగులో అందుకున్నాను. "పిల్లి, నాన్నా. వాళ్ల ఇంటిపేరు పిల్లి."

నాన్న మొహం వెలిగిపోయింది. "అట్టాగా! మనలోనూ ఉన్నార్రా పిల్లివాళ్లు. మా స్కూల్లో గుమాస్తా ఇంటిపేరు పిల్లే." ఆ రోజునుంచి మా ఇంట్లో ఆయన పిల్లిగారు. నాన్న మొహం మీదే అలా పిలిచేవారు. ఆయన "యెస్ సర్" అని పలికేవాడు. మా ఇంటిపేరేమిటని ఆయన తిరిగి అడిగితే, మనవాళ్లు ఇంటిపేరును పేరుకు ముందు ఒక్క అక్షరంగా కుదించి రాసుకుంటారని నాన్న మట్టిలో పుల్లతో రాసి చూపించారు. ఆయన ఆ అక్షరాన్ని చాలాసేపు చూస్తూ నిలబడటం నాకు గుర్తుంది. ఎందుకు చూశాడో అప్పుడు అడగలేదు.

ఒక బుధవారం పొద్దున మేమిద్దరం సైట్‌లో ఉండగా నా భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, మామయ్యగారు పడిపోయారు. అంబులెన్స్ వచ్చింది. మాట్లాడట్లేదు. మీరు డైరెక్ట్‌గా హాస్పిటల్‌కి వచ్చెయ్యండి."

నేను తాళాలు అందుకోబోతే ఆయన తీసుకున్నాడు. నన్ను ఎమర్జెన్సీ గుమ్మం ముందు దింపి, యూట్ పార్క్ చేసి లోపలికి వచ్చాడు. నా భార్యకీ నాకూ కాఫీ తెచ్చి ఇచ్చాడు. తనూ ఒక కప్పు పట్టుకుని నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాం.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. మెదడులో రక్తస్రావమనీ, చేయగలిగిందంతా చేశామనీ, నాన్న వెళ్లిపోయారనీ చెప్పింది. ఆ మాటలు నా చెవిన పడుతున్నాయిగానీ లోపలికి వెళ్లడం లేదు. ముందురోజు సాయంత్రం వంకాయ పులుసులో ఉప్పు తక్కువైందని విసుక్కున్న మనిషి ఇక లేరంటే ఎలా నమ్మాలి? ఆనుకోవడానికి పక్కకి తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది. కాఫీ కప్పు నేలమీద ఉంది, ఇంకా సగం నిండి ఉంది. కారిడార్ చివర తలుపు ఊగుతోంది.

నా భార్య కూడా అటే చూసింది. "ఆయన పరిగెత్తారండీ" అంది. "డాక్టర్ ఆ మాట చెప్పగానే లేచి పరిగెత్తారు."

నాన్న పోయారన్న దిమ్మలోనే ఇంకో దిమ్మ. అంతవరకూ నా భుజం మీద ఉన్న చెయ్యి, సరిగ్గా అవసరమైన క్షణంలో ఎలా మాయమైంది?

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు. "నన్ను క్షమించు, మేట్. నేను బయటికి వెళ్లాల్సి వచ్చింది."

కొందరికి చావు వార్త వింటే తట్టుకునే శక్తి ఉండదు, పోనీలే అనుకున్నాను. "సోమవారం అంత్యక్రియలు. నాన్న గురించి నువ్వు రెండు మాటలు మాట్లాడాలి" అన్నాను.

"సోమవారం వస్తాను. తప్పకుండా వస్తాను. కానీ విను, ఒక సంగతి చెప్పాలి…"

అంతలో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఆవిడ ఫోన్ వస్తోంది. "తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాను. ఆ తర్వాత మాట్లాడింది లేదు. ఆయన ఒప్పుకున్నట్టే లెక్కగట్టి, కార్యక్రమం కాగితంలో పురోహితుడి మంత్రాల తర్వాత ఆయన పేరు అచ్చు వేయించాను.

సోమవారం మండిపోయే ఎండ. ఎడారి మీదుగా వచ్చే ఉత్తరపు వడగాలి చెట్ల బెరడును రోడ్డుమీద దొర్లిస్తోంది. శవవాహనం వెనక మా కారు శ్మశానవాటిక గేటులోకి తిరుగుతుండగా ఆయన కనిపించాడు. రోడ్డుకి అవతలి పక్క, గడ్డిలో, తన యూట్ పక్కన నిలబడి ఉన్నాడు. నల్లకోటు వేసుకున్నాడు. టోపీ చేత్తో పట్టుకున్నాడు. నీడలేదు. ముందే వచ్చి మాకోసం ఆగాడనుకున్నాను. లోపలికి వచ్చి కూర్చుంటాడని మొదటి వరుసలో నా పక్కన చోటు ఉంచాను.

మాకిచ్చిన సమయం ముప్పావుగంట. పురోహితుడు మంత్రాలు తొందరగా ముగించాడు. ఏర్పాట్లు చూసే ఆవిడ మైకు దగ్గరికి వెళ్లి ఆయన పేరు, ఇంటిపేరుతో సహా పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. వెనక వరుసల్లో మనవాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. ఎవరో దగ్గారు. యూనివర్సిటీలో చదువుతున్న మా పెద్దమ్మాయి నా చెవిదగ్గర వంగింది.

"నాన్నా, హి ఈజ్ స్టిల్ అవుట్‌సైడ్. హి ఈజ్ జస్ట్ స్టాండింగ్ దేర్."

నేను కదల్లేదు. అది నా మొహం చూసి తనే లేచి వెళ్లింది. తాతయ్య తనకు కూడికలు చింతగింజలతో నేర్పారని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి, చివర "తాతయ్యా, బై" అంది. చితికి నిప్పు పెట్టాల్సిన చేత్తో ఒక బటన్ నొక్కాను. పెట్టె తెర వెనక్కి జరిగిపోయింది.

బయటికి వచ్చేసరికి గంట దాటింది. ఆయన అక్కడే ఉన్నాడు. అదే గడ్డిలో, టోపీ చేత్తో పట్టుకునే. మొహం కందిపోయింది. మా కారు గేటు దాటుతుంటే చెయ్యి ఎత్తాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ఆ తర్వాతి రోజుల్లో నాన్న లేరన్న బాధ ఒకవైపు ఉంటే, ఆ గడ్డిలో నిలబడ్డ మనిషి ఇంకోవైపు. లోపలికి రావడానికి ఏమడ్డం? మా మంత్రాలా? శవాన్ని కాల్చడమా? లేక మేమేనా? నాలుగేళ్లు మా ఇంట్లో పులిహోర తిన్న మనిషి చివరికి నాన్నను రోడ్డు అవతలినుంచి చూసి వెళ్లిపోయాడు. తలచుకున్నప్పుడల్లా ఒళ్లు భగ్గుమనేది.

తొమ్మిదోరోజు ఆయన ఇంటికి వచ్చాడు. పడుకున్నానని చెప్పమని నా భార్యతో అన్నాను. గదిలోంచి కిటికీ తెర పక్కకి జరిపి చూశాను. పెరట్లో గోంగూరకు నీళ్లు పెట్టాడు. తర్వాత వంటగదిలో కూర్చుని నా భార్య ఇచ్చిన టీ తాగి వెళ్లాడు.

ఆయన వెళ్లాక నా భార్య గదిలోకి వచ్చింది. "మీ కోపం మీది. కానీ ఒకటి చెప్తా వినండి. ఈ తొమ్మిది రోజుల్లో మనవాళ్లు ఎంతమంది వచ్చారు? మైల అని ఒక్కరు కూడా మన ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. కార్లో వాటర్ బాటిల్స్ తెచ్చుకున్నారు. ఆయన తాగారు. ఇంకో కప్పు అడిగి మరీ తాగారు."

కిటికీ తెర మళ్లీ లాగేశాను.

ఆఫీసుకి వెళ్లాక వేరే అంతస్తుకు సీటు మార్పించుకున్నాను. కొలతలు ఈమెయిల్లో పంపమన్నాను. లిఫ్టులో ఎదురైతే ఫోన్ చూసుకునేవాణ్ణి. దాదాపు రెండు నెలలు ఇలా గడిచింది. ఒకరోజు ఒక కాలువ లెవెల్స్ తేడా రావడంతో ఇద్దరం సైట్‌కి వెళ్లక తప్పలేదు. అక్కడికి చేరగానే కుండపోత. యూట్‌లో చిక్కుకుపోయాం. అద్దాల మీద వాన తప్ప చప్పుడు లేదు.

ఆపుకోలేకపోయాను. "మా నాన్న దగ్గరికి పది అడుగులు నడవలేకపోయావా?"

ఆయన ఆశ్చర్యంగా నావైపు తిరిగాడు. "నువ్వు నా మెసేజ్ చదవలేదా?"

"ఏ మెసేజ్?"

ఆయన తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. నాన్న పోయిన రాత్రి పంపిన మెసేజ్. నిజానికి నా ఫోన్లోనూ ఉంది. ఓం శాంతిలూ, దండం పెట్టే చేతులూ వందల కొద్దీ వచ్చిపడితే వాటి అడుగున ఉండిపోయింది. "నేను లోపలికి రాలేను. మృతదేహం ఉన్న కప్పు కింద నేను ఉండకూడదు. ఆస్పత్రినుంచి అందుకే పరిగెత్తాను. నా ఇంటిపేరు అలాంటిది, తర్వాత చెబుతాను. దయచేసి నా పేరు పిలవొద్దని చెప్పు. గేటు దగ్గరే ఉంటాను, అంతా అయ్యేదాకా." ఇంగ్లీషులో ఇంతే ఉంది.

మూడుసార్లు చదివాను. "ఇంటిపేరు అలాంటిదంటే? పిల్లికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"పిల్లి కాదు" అన్నాడు. "ఎప్పుడూ పిల్లి కాదు. ఆఫీసులో అందరూ పిల్లి అంటుంటే అదే సుఖమనిపించి వదిలేశాను."

అద్దం మీద పట్టిన ఆవిరిపై వేలితో రెండు అక్షరాలు రాశాడు. నాకు తెలియని లిపి. ఆ రెంటి మధ్య, పైన, రెండు చిన్న గీతలు పెట్టాడు.

"ఇది హీబ్రూ. కుడినుంచి చదవాలి. ఇది క, ఇది త్స. మీ నాన్న మట్టిలో రాసి చూపించారు గుర్తుందా, మీవాళ్లు ఇంటిపేరును ఒక్క అక్షరం చేసి రాస్తారని? మాదీ అంతే, కుదించిందే. ఈ గీతలు ఆ సంగతి చెబుతాయి. కోహెన్ త్సెదెక్. కోహెన్ అంటే యాజకుడు, పూజారి. త్సెదెక్ అంటే ధర్మం. ధర్మంగల యాజకుడు. రెండు అక్షరాలనూ కలిపి పలికితే కాట్స్. యూరప్‌లో గుమాస్తాలు దాన్ని పిల్లిలా రాసుకున్నారు. జర్మన్లలో నిజంగా పిల్లి కాట్స్‌లు కూడా ఉన్నారులే. మేం వాళ్లం కాదు."

యూదుల్లో మోషే అన్న అహరోను వంశంలో మగవాళ్లు తరతరాలుగా ఆ యాజకులట. యెరూషలేంలో వాళ్ల గుడి కూలిపోయి దాదాపు రెండు వేల ఏళ్లయినా, ఎవరు ఆ వంశమో ఇంటిపేర్లలో దాచుకున్నారట. కోహెన్ అన్నా, కాన్ అన్నా, కాగన్ అన్నా, కాప్లన్ అన్నా చాలావరకు అదే. మెల్‌బోర్న్‌లో తను పెరిగిన వీధిలోనే ముగ్గురు కాట్స్‌లు ఉండేవాళ్లట, ఒకరికొకరు చుట్టాలు కారు. యాజకుడు శవాన్ని తాకకూడదు, శవమున్న కప్పు కింద ఉండకూడదు. తల్లి, తండ్రి, భార్య, పిల్లలు, తోబుట్టువులు పోతేనే మినహాయింపు.

"మీకు కూడని రొయ్యలు తింటావు" అన్నాను. "శనివారం మీకు విశ్రాంతి దినమైనా కారు నడుపుతావు. గుడికి వెళ్లవు."

"వెళ్లను. దేవుడున్నాడో లేదో కూడా నాకు తెలియదు. యూదులు కాని మీవాళ్ల విషయంలో ఈ నియమం వర్తించదనేవాళ్లూ మాలో ఉన్నారు. కానీ మా నాన్న పట్టించుకునేవాడు. యుద్ధం తర్వాత ఒంటరిగా ఈ దేశంలో ఓడ దిగాడు. తనవాళ్లెవరూ మిగల్లేదు. ఆయనతోపాటు వచ్చింది ఈ ఇంటిపేరొక్కటే. ఏదైనా తిను, ఎలాగైనా బతుకు, ఇదొక్కటి పాటించు అన్నాడు. పాటిస్తానన్నాను."

నాన్న పోయిన బాధలో నాకు ఆసరాగా ఒక మనిషి కావాల్సి వచ్చింది. ఈయన తన నాన్నకిచ్చిన మాట కోసం ఎండలో గంటసేపు నిలబడ్డాడు. నేను మొహం తిప్పుకున్నాను.

అంతటితో అయిపోలేదు. ఆయన మెల్లగా, ఏ నిష్ఠూరమూ లేకుండా అన్నాడు. "నువ్వు అడగకుండానే అర్థం చేసుకుంటావనుకున్నాను. మా అమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదు కదా."

నిజమే. పదకొండేళ్ల కిందట వాళ్లమ్మ పోయింది. ఆఫీసులో టీమంతా వెళ్లింది. మా చిన్నమ్మాయి అప్పుడు కడుపులో ఉంది. "కట్టుకున్నది కడుపుతో ఉంటే శవం దగ్గరికి పోతావంట్రా!" అని అమ్మ ఫోన్లో గొడవ పెట్టింది. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి ఇంట్లో ఉండిపోయాను. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

"ఒంట్లో బాగాలేదన్నావు. తర్వాత ఎప్పుడో నీ భార్య మాటల్లో అసలు సంగతి చెప్పింది" అన్నాడు. "అది విని నాకెంత ఊరట కలిగిందో నీకు తెలియదు. ఈ ఆఫీసులో నాలాంటివాడు ఇంకొకడున్నాడని."

నేను ఏడ్చాను. నాన్న పోయాక అంతగా ఏడవడం అదే మొదలు. ఆయన అద్దం దించి వానలోకి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "ఈ ఆదివారం ఖాళీయేనా? ఒక పనుంది, నేను చేయలేనిది" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆయన నన్ను తీసుకెళ్లింది వాళ్ల సమాధుల తోటకి. గేటు బయటే ఆగిపోయాడు. అంత్యక్రియల రోజు కొడుకుగా లోపలికి వెళ్లగలిగాడుగానీ, ఆ తర్వాత ఈ పదకొండేళ్లలో తల్లి సమాధి దగ్గరికి వెళ్లలేదు. యాజకుల ఇళ్లవాళ్లను సాధారణంగా బాట పక్కనే పాతిపెడతారట, కొడుకులు దూరంనుంచైనా చూసుకునేలా. ఆమె మాత్రం తనను అక్క పక్కన ఉంచమని కోరుకుంది. ఆ చోటు లోపలెక్కడో ఉంది. ఆయన నా అరచేతిలో ఒక గులకరాయి పెట్టాడు. వాళ్లు పూలు పెట్టరు, రాయి పెడతారు. ఆయన కొలతలు చెప్పే తీరులోనే దారి చెప్పాడు: నేరుగా నలభై అడుగులు, ఎడమకు, ఆరో వరుస.

లోపల ఒక్కొక్క రాయీ చూస్తూ నడిచాను. ఒక రాతి తర్వాత ఇంకో రాతిమీద చేతులు చెక్కి ఉన్నాయి. బొటనవేళ్లు ఆనించి, వేళ్లు రెండేసి జతలుగా విప్పిన రెండు అరచేతులు, దీవిస్తున్నట్టు. వాటి కింద పేర్లు: కోహెన్, కాన్, కాట్స్, కోహెన్, కాప్లన్, కాట్స్. ఒక కాట్స్ పోలండులో పుట్టాడు, ఒక కాట్స్ షాంఘైలో, ఒక కాట్స్ ఇక్కడే పుట్టి ఇక్కడే పోయాడు. అద్దం మీద ఆవిరిలో చూసిన ఆ రెండు అక్షరాలూ, మధ్యలో రెండు గీతలూ, రాతిలో చెక్కి ఉన్నాయి. ఒక చిన్న రాయి మీదా ఉన్నాయి. మూడేళ్ల బాబుది. మేం పదహారేళ్లు హెల్మెట్ మీద పిల్లిని అంటించి నవ్విన ఇంటిపేరు ఇది.

ఆమె సమాధి దొరికింది. రాయి మీద ఎండుటాకులు తుడిచాను. అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. గులకరాయి అంచున పెట్టాను. ఏమనాలో తెలియక, "అమ్మా, మీవాడు గేటు దగ్గరున్నాడు" అని తెలుగులో అన్నాను.

బయటికి వచ్చేసరికి ఆయన కొళాయి దగ్గర చెంబులాంటి రెండు చేతుల పాత్ర నింపి పట్టుకుని ఉన్నాడు. నా చేతులమీద నీళ్లు పోశాడు. కుడిచేతికి, ఎడమచేతికి, మళ్లీ కుడిచేతికి. మా ఊళ్లోనూ కాళ్లూ చేతులూ కడుక్కోనిదే ఇంట్లోకి రానివ్వరని చెప్పాను. తలూపాడు.

"రాయి ఎలా ఉంది?"

"ఒక మూల నాచు పట్టింది. పైనెలలో బ్రష్ తెచ్చుకుని వస్తాను."

ఆయన పాత్రను కొళాయి గట్టుమీద పెట్టాడు. యూట్ ఎక్కాక, బెల్టు పెట్టుకుంటూ, మామూలుగా అన్నాడు. "నేను పోయినప్పుడు నువ్వు లోపలికి రా. గేటు బయట నిలబడకు."

"నువ్వు?" అన్నాను, ఏమడుగుతున్నానో నాకే తెలియకుండా.

"నేనా? ఆరోజు లోపలే ఉంటాను కదా, మేట్."

ఆయనవైపు తిరిగాను. ఆయన అద్దం సరిచేసుకుని బండి స్టార్ట్ చేశాడు.